మూతులు కనబడని చోట

ఊరు వదిలి ఉత్తరాదికి వలసొచ్చి, కడోదరాలో ఇరవై రెండేళ్ళు మరమగ్గాలు నడిపాను. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. మూతి కదలిక చూసి అర్థం చేసుకునేవాళ్ళం. నా చెవులు ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. మా షెడ్డులో చెవులతో ఎవరికి పని పడింది గనక!

మా అమ్మాయి పన్నెండో తరగతి పాసై నర్సింగులో చేరతానన్న ఏడాదే మా షెడ్డు సేఠ్ మగ్గాలను తుక్కు కింద అమ్మేశాడు. నాలుగు నెలలు ఖాళీగా తిరిగాక, సచిన్ అనే ఊళ్ళో కొత్తగా పెట్టిన, ఫోన్లలో కంప్యూటర్లలో వేసే చిప్‌ల ఫ్యాక్టరీలో ట్రేలు అందించే పని దొరికింది. చేర్చుకునే ముందు డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. ఆయన మూతి చూసి టకటకా జవాబులు చెప్పేశాను. గెలిచాననుకున్నాను, పిచ్చోణ్ణి.

లోపల దుమ్ము నలుసు పడకూడదట. అందరికీ తెల్ల డ్రెస్సులు, ముఖాలకు మాస్కులు. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. సూపర్‌వైజర్ ఏం చెప్పినా తలూపి, పక్కవాడు ఏం చేస్తే అదే చేసేవాణ్ణి. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

మాస్కులు తీసేది క్యాంటీన్‌లోనే. అక్కడ అందరిదీ ఒకటే గొడవ, ఈ చిప్‌ల జోరు ఎన్నేళ్ళుంటుందని. పదేళ్ళ దాకా ఢోకా లేదనేవాడొకడు. ఊరూరా ఇవే లేస్తున్నాయి, మగ్గాల గతే వీటికీ పడుతుందనేవాడొకడు. ఒక్క మాట వదలకుండా చూసేవాణ్ణి. ఐదేళ్ళుంటే నాకేంటి, యాభై ఏళ్ళుంటే నాకేంటి, ఈ నెల గడిస్తే చాలు దేవుడా అని లోలోపల ఏడ్చేవాణ్ణి.

ఒక శుక్రవారం సూపర్‌వైజర్ ఒక డబ్బా చూపించి ఏదో చెప్పాడు. తలూపి మూత తీశాను. తీయొద్దన్నాడట. అందులో సరుకంతా పాడైంది. ఆయన తిట్టలేదు. బయటికి తీసుకెళ్ళి, మాస్కు కిందికి లాగి, నీకు వినబడదు కదా అని నెమ్మదిగా హిందీలో అడిగాడు. వినబడుతుందన్నాను. సోమవారం చెవుల పరీక్షకు రమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి నా భార్య రొట్టెలు చేస్తోంది. నా వైపు ముఖం తిప్పి మాట్లాడటం ఆమెకు మొదటినుంచీ అలవాటు.

"గా చిప్‌ల పని నాలుగేండ్లన్న ఉంటదా? పిల్ల సదువు అయ్యేదాంక ఉంటే సాలు," అంది.

"పదేండ్ల దాంక ఢోకా లేదంటున్నరు," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో అలవాటు మరిచి, పొయ్యి వైపు తిరిగి ఇంకా ఏదో చెబుతూనే ఉంది, చెంప కదులుతోంది. ఆమె వీపును చూస్తూ తలూపాను.