అంపోన్సెం మామ ఆర్పని దీపం

వెలుగుతున్న దీపం కనిపిస్తే చాలు, అంపోన్సెం మామకు చెయ్యి దురద పుట్టేది. రోజూ పొద్దుగూకాక, ముంగిట్లో రాత్రి తిండికి ఫుఫు ముద్ద దంచే రోకళ్ల చప్పుడు ఆగాక, మెడలో టార్చి వేలాడేసుకుని గస్తీకి బయలుదేరేవాడు. చుట్టూ ఉన్న గదులన్నీ వరసగా తిరిగేవాడు. మనిషి లేని చోట బల్బు ఆర్పేవాడు. మనిషి ఉన్న చోట, "ఇంత వెలుతురు దేనికి? ఒకరి మొహం ఒకరు మరిచిపోయారా?" అని అడిగి మరీ ఆర్పేవాడు.

కుమాసి పట్నంలో, బంటామా పేట వెనక సందులో ఉంది ఆ ఇల్లు. ముంగిలి ఒకటి, కుళాయి ఒకటి, మీటరు ఒకటి, కాపురాలు మాత్రం బోలెడు. నెలనెలా బిల్లు రాగానే ఎవరికెన్ని బల్బులు, ఎవరికి ఫ్యాను, ఎవరికి ఫ్రిజ్ అని చూసి వాటాలు వేసుకునేవారు. వసూలు చేసే బాధ్యత టాక్సీ నడిపే ఒదురోది. అందరికంటే చిన్న వాటా మామది. తన గదిలో ఉన్నది ఒక్క బల్బేనని ఆయనే చెప్పేవాడు. లోపలికి వెళ్లి చూసినవాళ్లెవరూ లేరు. తలుపు పక్కన ఒక పాత రేడియో మాత్రం రాత్రనక పగలనక బ్యాటరీల మీద మోగుతూ ఉండేది. కరెంటు దగ్గర ఇంత పిసినారి బ్యాటరీలు ఇలా తగలేస్తాడేమిటని ఇల్లంతా ఆశ్చర్యపోయేది.

సెర్వా కుట్టుమిషను పట్టుకుని ఆ ఇంట్లో అద్దెకు దిగిన తొలిరోజే ఆయన పాలబడింది. బడిపిల్లల చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుండగా వెనక టక్కుమని స్విచ్చు చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో మామ.

"పెట్టెలో వేడి ఇంకా ఉందమ్మా. దాంతో ఇంకో చొక్కా అవుతుంది. దేవుడిచ్చిన వేడిని గాలికి వదిలేస్తావా?"

కొత్త చోటు, పెద్దాయన.  సెర్వా రెండో చొక్కా తీసి పరిచింది. నిజంగానే అయింది. అప్పటినుంచి ఆఖరి చొక్కాను చల్లారుతున్న పెట్టెతోనే ఇస్త్రీ చేసేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మామకు శిష్యురాలు దొరికిందంటే ఇల్లంతా నవ్వుతుంది.

మామ ప్రతాపం ఇంటి గడప దాటి కూడా నడిచేది. ఒకసారి చర్చిలో పాస్టరు సుదీర్ఘంగా ప్రార్థన చేయిస్తున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన ముగిసి కళ్లు తెరిచేసరికి ఫ్యాన్లన్నీ ఆగిపోయి జనం చెమటతో తడిసి ముద్దయ్యారు. కళ్లు మూసుకుంటే దేవుడే కనిపిస్తాడు గానీ ఫ్యాను కనిపించదు కదా అన్నది మామ వాదన. ఇంట్లో ఇంకోసారి ఒదురో టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే, ఆఖరి పెనాల్టీకి ఆటగాడు పరుగు మొదలెట్టిన క్షణంలో మామ టీవీ ఆర్పేశాడు. గోల్ అయిందో లేదో పక్క సందులోంచి వచ్చే కేకలను బట్టి తెలుస్తుందని ఓదార్చాడు. ఒదురో వారం రోజులు మామను టాక్సీ ఎక్కించుకోలేదు.

ఊరంతా కరెంటు పోతే అందరూ తిట్టుకునేవారు. మామ మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని, పండగ రోజు పిల్లాడిలా కాళ్లూపుతూ కూర్చునేవాడు. అయినా ఆ చీకట్లో రేడియో గొంతు ఇంకాస్త పెంచేవాడు. వేడి బొగ్గులు నింపిన మట్టికుండ ఒకటి పట్టుకుని గదిలోకి వెళ్లేవాడు. వయసు మీదపడింది, చలి కాబోలు అనుకునేవారు.

ఫొరివా అత్తకూ ఆయనకూ మాత్రం రోజూ యుద్ధమే. ఆమె మూలగదిలో ఉండేది. ఉడికించిన గుడ్లను మధ్యకు చీల్చి మిరప ముద్ద పెట్టి లారీల అడ్డాలో అమ్మేది. కోళ్లూ ఆమెవే. పొద్దుటి కోసం గుడ్లు లెక్కపెట్టుకుంటుంటే సరిగ్గా మధ్యలో మామ వచ్చి లైటు ఆర్పేవాడు.

"ఆర్పు, ఆర్పు. నువ్వు చచ్చాక నీ సమాధి మీద పెద్ద లైటు పెట్టిస్తాను చూడు," అనేది ఆమె.

"బిల్లు ఎవరు కడతారు?" అనేవాడు మామ తాపీగా.

అయితే ఒక్క విషయంలో ఆమె ఆయనకు రుణపడి ఉండేది. ఒక ఏడు వానల్లో ఆమె కోడిపిల్లలు చలికి వరసగా చచ్చిపోయాయి. వ్యాపారం మానేస్తానని ఏడ్చింది. అప్పుడు మామ, ఎజిసు ఊళ్లో తన మేనల్లుడికి కోళ్ల ఫారం ఉందనీ, పిల్లల్ని కొన్నాళ్లు అక్కడ పెంచి తెచ్చిస్తాననీ చెప్పి బుట్టతో పట్టుకుపోయాడు. రెక్కలొచ్చాక తిరిగి తెచ్చాడు. అప్పటినుంచి ప్రతి విడత పిల్లలూ అలాగే వెళ్లి వచ్చేవి. ఆ మేనల్లుడు బంగారం, మామే ఇత్తడి అని ఆమె అడ్డా అంతా చెప్పుకునేది.

ఆ మధ్య అందరూ తెల్ల వెలుతురు కొత్త బల్బులు కొన్నారు. పాత పసుపు వెలుతురు బల్బులు దొంగలనీ, వెలుతురు పిసరంత, వేడి బండెడనీ తిట్టి, ఇల్లిల్లూ తిరిగి వాటిని సంచిలో వేసుకుపోయాడు మామ. పారేసి వస్తానన్నాడు.

జులై వానల్లో, ఫొరివా అత్త గదిలో లైటు చూసి పరిగెత్తబోయి మామ తడి గచ్చు మీద జారాడు. చీలమండ బూరెలా వాచింది. నాటువైద్యుడు కట్టు కట్టి కదలొద్దన్నాడు. సెర్వా పొద్దునా రాత్రీ గుమ్మం దగ్గర గంజి పెట్టేది. తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె తీసుకునేది.

ఇంటికి స్వాతంత్ర్యం వచ్చినట్లయింది. ఒదురో టీవీ మనుషులు లేకపోయినా మాట్లాడుతూనే ఉండేది. ఫొరివా అత్త పగలు కూడా లైటు వేసుకుని గుడ్లు లెక్కపెట్టింది. స్నానాల గది బల్బు తెల్లవార్లూ దోమలకు కాపలా కాసింది.

ఆ తర్వాత బిల్లు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికి రెట్టింపు. ఒదురో కాగితాన్ని తిప్పి చూశాడు, వెనక వైపు ఏమైనా తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

సాయంత్రం ముంగిట్లో అందరూ కూడారు. ఎవరి తప్పు వాళ్లకు గుర్తు రాలేదు గానీ, కొత్తగా వచ్చిన సెర్వా, ఆమె మిషను, ఆమె ఇస్త్రీపెట్టె మాత్రం అందరికీ గుర్తొచ్చాయి. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయాలి, లేదా ఆ రెండూ ఆపేయాలి అన్నారు. బడులు తెరిచే ముందు కుట్టాల్సిన యూనిఫాంలు సెర్వా గదిలో కప్పుదాకా పేర్చి ఉన్నాయి. రెండింటిలో ఏది జరిగినా బేరాలు పోతాయి, అద్దెకు డబ్బుండదు. చేతిలో ఉన్న గుడ్డపేలికను మడతలు పెడుతూ నిలబడింది.

అప్పుడు కర్ర టకటకలాడించుకుంటూ మామ వచ్చాడు.

"ఆ పిల్ల కాదు."

"మరెవరు?" అంది ఫొరివా అత్త.

మామ కర్రతో మీటరు వైపు చూపించాడు. ఇంట్లో ఉన్న ప్రతిదీ ఆర్పి రమ్మన్నాడు. మామ ఆర్పమంటే ఎవరూ ఎదురు చెప్పకపోవడం అదే మొదలు. ఇల్లంతా చీకటైంది. అందరూ మీటరు చుట్టూ చేరారు. ఎక్కడో ఇంకా కరెంటు కాలుతోందన్నట్టు దాని మీద ఎర్ర చుక్క మాత్రం టపటపా కొట్టుకుంటూనే ఉంది.

"ఇంకెవరున్నారు మామా?" అన్నాడు ఒదురో.

"నేను," అని మామ తన గది తలుపు తోశాడు.

పసుప్పచ్చటి వెలుతురు ముంగిలి నిండా ఒలికింది. ఆయన రేడియో కట్టేయగానే కిచకిచలు మొదలయ్యాయి. గదిలో నేల మీద అట్టపెట్టెలు, వాటిపైన వేలాడుతూ వాళ్లందరి పాత బల్బులు, కింద వెచ్చగా గుంపులు కట్టి కోడిపిల్లలు. మామ మంచం ఒక మూలకు నెట్టి ఉంది. దాని మీదా రెండు పిల్లలున్నాయి.

ఫొరివా అత్త ఒకదాన్ని ఎత్తి, రెక్క కింద తను పూసిన నీలిరంగు గుర్తు చూసింది. "ఇవి ఎజిసులో నీ మేనల్లుడి దగ్గర కదా ఉన్నాయి?"

"నాకు అక్కచెల్లెళ్లే లేరు ఫొరివా. మేనల్లుడెక్కణ్ణించి వస్తాడు?"

ఊరంతా మామా అని పిలిచే మనిషిని ఈ సంగతి ఎవరూ అడిగి ఉండలేదు.

"కొత్త బల్బు వెలుగిస్తుంది, ఒళ్లు కాచదు. వీటికి పాతవే కావాలి," అన్నాడు మామ నేల చూస్తూ. "అవి తినే కరెంటు మీ నెత్తిన పడకూడదని మీ గదుల్లో దండగగా పోయేది ఆర్పుకుంటూ వచ్చాను. ఇన్నేళ్లూ సరిపోయింది. ఈసారి కాలు బెణికి మంచాన పడ్డాను. మీరు ఆర్పలేదు. నేను వీటిని ఆర్పలేకపోయాను."

ఒదురో చేతిలో బిల్లు మెల్లగా మడత పడింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఫొరివా అత్త.

"చెప్తే వాటిని తీసుకెళ్లి మళ్లీ వానలో పెడతావు. నీ పొగరు నాకు తెలియదా?"

"మరి నా గుడ్ల లెక్క మధ్యలో లైటెందుకు ఆర్పేవాడివి?"

"నువ్వు చీకట్లో కూడా లెక్క తప్పవు కదా."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. సెర్వాను ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఫొరివా అత్త మర్నాడే ఉడికించిన గుడ్లు పళ్లెం నిండా తెచ్చి ఆమె మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ నెల వాటాలు వేసేటప్పుడు ఒదురో కోడిపిల్లల్ని కూడా ఒక కాపురంగా లెక్కగట్టి, వాటి వాటా అందరికీ పంచాడు. యూనిఫాం పేలికలతో సెర్వా అట్టపెట్టెలకు దుప్పట్లు కుట్టింది. వేడి నిలిచి, ఒక బల్బు తగ్గింది. అది ఆర్పే గౌరవం మామకే ఇచ్చారు.

ఇప్పుడు మామ కాలు బాగైంది. గస్తీ మళ్లీ మొదలైంది. చర్చిలో మాత్రం ఆదివారాలు ఆయన్ని స్విచ్చులకు దూరంగా, మధ్య వరసలో కూర్చోబెడుతున్నారు.