సగం షట్టర్

మా బజారులో నా గురించి ఒక మంచి మాట తిరుగుతోంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన భార్యను పసిపిల్లలా సాకి, మళ్లీ కుట్టు మిషను ముందు కూర్చోబెట్టానట. పెళ్లిళ్లలో మగవాళ్లకు నన్ను చూపించి నేర్చుకోమంటున్నారు. ఇక చాలు. ఆమె లేచింది నా వల్ల కాదు. నన్ను పక్కకు నెట్టి లేచింది.

భద్రాచలం రోడ్డు మీద, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఆమెది జాకెట్లు కుట్టే దుకాణం. సంతరోజున అడవి పల్లెల ఆడవాళ్లు ముందు అక్కడ కొలతలిచ్చి, తర్వాతే ఉప్పూ పప్పూ కొనేవాళ్లు. జబ్బు వల్ల ఒక రొమ్ము తీసేశాక, వీపు కండను ముందుకు తెచ్చి కొత్తగా కట్టవచ్చని డాక్టరు చెప్పినప్పుడు నేను వద్దన్నాను.

"ఈ వయసుల ఎవలు జూస్తరు? మళ్ల కోతెందుకు?"

"ఊరందరి జాకెట్లు సక్కగ కూసోబెడ్త. నా జాకెట్ నాకు సక్కగ కూసోవద్దా?" అంది. "జూసేటోళ్ల కోసం గాదు. తొడుక్కునేది నేను."

ఆ ఆపరేషనూ అయింది. గాయాలు మానాయి గానీ ఆ పక్క చెయ్యి భుజం దాటి లేవలేదు. గోడ మీద వేళ్లను పైకి పాకించమని ఖమ్మంలో ఫిజియో అమ్మాయి నేర్పింది. బట్ట మీద గీసే సుద్దతో, వేళ్లు అందినచోటల్లా ఆమె గోడ మీద గీత పెట్టేది. ఆమె నొప్పితో పళ్లు బిగించడం నేను చూడలేకపోయాను. పైఅరలోని డబ్బాలన్నీ కిందికి దించాను. దండెం కూడా కిందికి కట్టాను. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఒక్కొక్క డబ్బా మళ్లీ పైకెక్కించింది. ఒకటి జారి, ఇల్లంతా కారం. తుమ్ముతూనే నవ్వింది. నేను తిట్టాను.

అంతకంటే పెద్ద తప్పు బయట చేశాను. పక్కన గాజుల దుకాణం సాయిబుతో, "ఆమె ఇంక షట్టర్ లేపలేదు భాయ్. ఆ దుకాణం నువ్వే తీసుకో, గాజుల పెట్టెలు పెట్టుకో" అన్నాను. ఆయన మర్యాద తెలిసినవాడు. ఇంటికొచ్చి ఆమెనే అడిగాడు.

"చెల్లె, నీకు ఖుషీయేనా?"

ఆమె నావైపు తిరిగి, "తాళంచెవి యాడబెట్టినవ్?" అంది.

మెల్లగా బరువులు మొదలుపెట్టవచ్చని ఫిజియో అప్పటికే చెప్పింది. ఆ మాట నేను విననట్టే ఉన్నాను. మర్నాడు పొద్దున్నే ఆమె దుకాణానికి పోయింది. వెనకాలే పోయాను. ఒంటిచేత్తో లేపితే షట్టర్ వంకరపోయి ఇరుక్కుంటుంది, రెండు చేతులూ కావాల్సిందే. నడుము ఎత్తుదాకా లేచి ఆగిపోయింది. ఆమె ఒంగి లోపలికి దూరి, లైటు వేసి, మిషను ముందు కూర్చుంది.

మా బజారులో షట్టర్ సగం దించి ఉంటే ఒకటే అర్థం. ఎవరో పోయారని. కొలతలివ్వడానికొచ్చిన ఒక ముసలమ్మ గాబరాగా ఒంగి చూసింది.

"అయ్యో బిడ్డా, ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలే అవ్వా. లోపలికి రా, కొలతియ్యి."

"మరి గిదేంది, సగం?"

"నా చెయ్యి గంతవరకే లేస్తది. ఇంకా లేస్తది, జూస్తుండు."

బజారు నవ్వుతుందని నాకు భయం. వెళ్లి షట్టర్‌ను ఒక్క ఊపులో పైకి తోసేశాను. లోపల మిషను ఆగింది. సాయంత్రం కొక్కెమున్న ఇనుప కడ్డీతో ఎంత లాగినా షట్టర్ కిందికి రాలేదు. పైనుంచి లాగే పని వీపు కండదే. ఆ కండ ఇప్పుడు ముందుంది. నేను చెయ్యి చాచాను.

"ముట్టకు. నేను లేపింది నేను దించుకుంట. నువ్వు లేపింది... సరే, నువ్వే దించుకో" అని కడ్డీ నా చేతిలో పెట్టి ఇంటికి నడిచింది. బజారంతా చూస్తుండగా షట్టర్ దించి తాళం వేశాను. మళ్లీ దాన్ని ముట్టలేదు.

షట్టర్ నడుము నుంచి రొమ్ము దాకా, అక్కణ్నుంచి మెడ దాకా లేచింది. వచ్చేవాళ్లు ఒంగడం తగ్గింది. "ఇంకొన్నాళ్లయితే మా భయ్యా గూడ తలెత్తుకొని లోపలికి రావచ్చు" అని సాయిబు నామీద మాట విసిరాడు. పడ్డాను.

ఒక పొద్దున అది పైదాకా పోయి ధన్‌మని కొట్టుకుంది. ఆమె చేతులు దించకుండా అట్లాగే నిలబడి పకపకా నవ్వింది. అప్పుడు చూశాను. చుట్టూ అన్ని దుకాణాలూ సగమే. సాయిబు ఉరుకుతూ వచ్చాడు.

"చెల్లె, తెల్లారంగ కిరాణా పెద్దాయన పోయిండు. ఇయ్యాల అందరం సగమే."

నా చెయ్యి దానంతటదే లేచింది. వెనక్కి కట్టుకున్నాను. ఆమె కొక్కెం తగిలించి, కాళ్లు నిలదొక్కుకుని లాగింది. ఆగింది. మళ్లీ లాగింది. షట్టర్ మూలుగుతూ దిగింది, సరిగ్గా ఆమె ఆపినచోట ఆగింది.

"గిది పెద్దాయన కోసం" అంది, చెమట తుడుచుకుంటూ. "ఇన్నాళ్లది నాకోసం. అప్పుడు గూడ ఎవలు సావలేదు, యాదుంచుకో."

ఒంగి లోపలికి పోయింది. మిషను చప్పుడు మొదలైంది. దారిన పోయే తెలిసినాయన ఆగి, ఎవరు పోయారని అడిగితే చెప్పాను.

"నీ భార్యను మంచిగ జేసుకున్నవంట గద" అన్నాడు.

"నేను గాదు" అన్నాను. "ఒంగి సూడు."