ఇల్లు దాటని రికార్డింగ్

నాచారం పారిశ్రామిక వాడలో, మందుల ఫ్యాక్టరీ వాసన మధ్య ఉండేది మా ఆఫీసు. అక్కడ నా పని తాళాలు చేయడం. అంటే ఇనుప తాళాలు కావు. టీవీకి తగిలించే సెట్‌టాప్ పెట్టెలో రికార్డు చేసిన కార్యక్రమం ఆ ఇంట్లోని ఏ టీవీలోనైనా ఆడాలి, గడప మాత్రం దాటకూడదు. దానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. తాళం గట్టిదని బయటి సంస్థ పరీక్షించి తేల్చాకే కంపెనీకి లైసెన్సు ఇస్తారు. అది వచ్చిన రోజు పొంగిపోయి, ఉప్పల్‌లో మా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ఆంటీకి మిఠాయి డబ్బా ఇచ్చి, "నా తాళం నేనే తీయలేను ఆంటీ!" అని గొప్పలు పోయాను. నోరు ఊరుకోదు కదా.

పరీక్షల కోసం ఆఫీసు ఇచ్చిన పెట్టె మా హాల్లోనే ఉండేది. ఆ ఏడు మా కాలనీ బతుకమ్మ ఆటను ఒక చానెల్ వాళ్లు చూపించారు. అందులో ఆంటీ ఉంది. నేను రికార్డు చేశాను. ఇక ఆమెకు ఒకటే ధ్యాస, లాలాపేట్‌లో ఉన్న చెల్లెలికి అది చూపించాలి. ఆ చెల్లెలు ఈ గడప తొక్కి నాలుగేళ్లయింది. ఆంటీ కూతురి పెళ్లిలో తనకు చల్లారిన బగారన్నం పెట్టారని అలిగి వెళ్లిపోయింది. ఫోన్లో మాత్రం మాట్లాడుకునేవారు, అదీ పోట్లాడుకోవడానికే. "నువ్వు టీవీల వచ్చినవా? సీడీ పంపు, సూసినంక నమ్ముత" అందట.

"జర సీడీ జేసియ్యి బిడ్డా."

"కుదరదు ఆంటీ. తాళం ఉంది."

"నువ్వే ఏసినవ్ కదా, తీయి."

"తీస్తే కంపెనీ లైసెన్సు పోతుంది. అసలు నాకు తీయడం రాదు."

"ఏసుడొస్తది, తీసుడు రాదా? గిదేం సదువు!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. కెమెరాతో టీవీ తెరను వీడియో తీసి చూశాను. గీతలు తప్ప ఏమీ రాలేదు. చివరికి ఆంటీయే ఫోన్ చేసి, "సీడీ రాదంట. సూడాలంటే నువ్వే రా, లేకుంటే ఊకో" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున చెల్లెలు ఆటో దిగింది. "సూసి పోత, కూసోను" అని మా హాల్లో నిలబడింది. నేను రికార్డింగ్ పెట్టాను. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు.

"ఏదే నువ్వు?"

"గదే, పచ్చ చీర."

"వీపే కనబడ్తుంది. ముఖమేది?"

ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. చెప్పే ధైర్యం లేకపోయింది.

"ముఖం సూడాలంటే ఇంటికి రావాలె," అంది ఆంటీ. "నాలుగేండ్ల సంది నువ్వేడున్నవే?"

కూర్చోనన్న మనిషి కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏం చేయాలో తెలియక రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను, కానీ ఇద్దరూ తెర వైపు చూడనే లేదు.

"అన్నం ఏడిగుంటెనే తింట," అంది చెల్లెలు కొంగు చాటు నుంచే.

ఆంటీ అప్పటికే బియ్యం కడగడానికి మేడ మెట్లెక్కుతోంది.