అంతర్జాతీయ సంబంధాలూ, మా అవ్వా

డెబ్బైల చివర్లో మా ఆళ్లగడ్డలో ఒక ఆడపిల్ల కాలేజీకి పోతోందంటే జనం మొదట అడిగేది "ఏం చదువు?" అని కాదు, "ఇంకా ఎన్నాళ్లు?" అని. దానికి జవాబు చెప్పడం సులభమే. ఖర్మ కాలి ఎవరైనా ఏం చదువు అని అడిగితేనే నాకు చిక్కొచ్చి పడేది. నంద్యాలలో నేను చేరిన కాలేజీలో ఆ ఏడే బి.ఎ.లో ఒక కొత్త గ్రూపు పెట్టారు. పేరు అంతర్జాతీయ సంబంధాలు. చరిత్ర గ్రూపు నిండిపోయిందన్నారు, అర్థశాస్త్రంలో లెక్కలుంటాయని నాకు భయం, మిగిలింది ఇదొక్కటే. (దేశాల మధ్య స్నేహాలూ తగవులూ, ఒప్పందాలూ యుద్ధాలూ చదవడమని తర్వాత తెలిసింది. చేరేనాటికి నాకు తెలిసిందల్లా ఇందులో లెక్కలుండవని.) క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మగపిల్లలు కూడా మరీ ఎక్కువేం లేరు. ఇంకెక్కడా సీటు దొరకనివాళ్లే ప్రపంచశాంతి మీద దృష్టి పెట్టారు.

మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. మాటలు తక్కువ మనిషి. నన్ను ఏదో ఒక డిగ్రీ అని చేర్పించాడు గానీ, టీచరు ట్రైనింగులో సీటు దొరికితే మధ్యలోనే మాన్పించి అందులో వేద్దామని ఆయన మనసులో ఉండేది. ఆయన తల్లి, అంటే మా అవ్వ, మా ఇంట్లోనే ఉండేది. నాయన దాచుకున్న మాటలన్నీ ఆమే వాడేసేది. కాలేజీలో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం చింతపండు గింజలు తీస్తూ అడిగింది.

"ఏందే పాపా, ఏం చదువుతాండావు నువ్వు?"

"అంతర్జాతీయ సంబంధాలవ్వా."

అవ్వ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. "సంబంధాలు చూసేదానికి కాలేజీ యాల? మీ నాయన ల్యాడా?"

"ఆ సంబంధాలు కాదవ్వా. దేశానికీ దేశానికీ మధ్య ఉండేవి."

"అంత దూరం సంబంధం మనకొద్దే. పిల్లను కోయిలకుంట్లకిస్తేనే పండక్కు రాదు, కబురు రాదు."

నేను విడమరచి చెప్పబోయాను. ఐక్యరాజ్యసమితి అన్నాను, భద్రతామండలి అన్నాను. అవ్వ అంతా శ్రద్ధగా వినింది. విని, ఆ వచ్చే ఆదివారం చర్చి వాకిట్లో పదిమంది ఆడవాళ్ల ముందు, "మా పాపకు కాలేజీవోళ్లే సంబంధాలు చూస్తాండారంట, బయటి దేశాలవి" అని చెప్పేసింది. ఆ తర్వాత చాన్నాళ్లు నేను వెళుతుంటే ఆ వీధి ఆడవాళ్లు నన్ను తల నుంచి కాలిదాకా చూసేవాళ్లు. ఈ పిల్లలో పరదేశాలవాళ్లకు ఏం కనబడిందా అని వాళ్ల సందేహం. (ఆ సందేహం నాకూ ఉండేది.)

మాకు పాఠం చెప్పే సారును మేము గ్లోబు సారు అనేవాళ్లం. ఆయన వెలుగోడు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, ఒళ్లో సంచి, సంచిలో గ్లోబు. కాలేజీలో పెట్టిపోతే పిల్లలు బంతాట ఆడతారని ఆయన భయం. బస్సులో పక్కనున్నవాళ్లు "గుమ్మడికాయ ఎంతకు తెచ్చినారు సార్?" అని అడిగేవారట. ఆ సారుకు ఒక దిగులుండేది. పిల్లలు ఇట్లాగే తక్కువగా ఉంటే వచ్చే ఏడు ఈ గ్రూపు ఎత్తేస్తామని ప్రిన్సిపాలు చెప్పేశారు. అందుకని సారు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. కాలేజీ వార్షికోత్సవం రోజు స్టేజీ మీద భద్రతామండలి సమావేశం ఆడి చూపిస్తే, పిల్లల తల్లిదండ్రులు చూసి మెచ్చుకుంటారు, గ్రూపు నిలబడుతుంది. "మన గ్రూపు బతకాలంటే అది ఒగటే దోవ" అన్నారు.

దేశాలు పంచుకునేటప్పుడే మొదటి గొడవ వచ్చింది. వీటో ఉన్న పెద్ద దేశాలు అయిదు. వాటిలో ఏ ఒక్కటి కాదన్నా ఏ తీర్మానమూ పాసు కాదు. బట్టలకొట్టు శెట్టిగారబ్బాయి, కొత్త ప్యాంటు ఉందని, అమెరికా తీసుకున్నాడు. మీసం బాగా ఉన్నవాడు రష్యా తీసుకున్నాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు కూడా అయిపోయాయి. చైనా మిగిలింది. "మనతో యుద్ధం చేసినోళ్లది మాకొద్దు సార్" అన్నారు మగపిల్లలందరూ ఒక్క గొంతుతో. సారు నా వైపు చూశారు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే నాయన ముద్ద పళ్లెంలోకే వదిలేసి, "ఇంకే దేశమూ ల్యాదామ్మా?" అన్నాడు. అవ్వ మాత్రం ఒక్క సంగతే పట్టుకుంది. "అమెరికా, రష్యా పిల్లోళ్లంతా ఆ పొద్దు ఆడికొస్తారా?" అని అడిగింది. "వస్తారవ్వా, వాళ్లూ స్టేజీ మీదే కూర్చుంటారు" అన్నాను. ఎందుకు అడుగుతోందో ఆలోచించలేదు.

తీర్మానం సారే రాశారు. ఏ దేశం పేరూ లేకుండా ఎగువరాజ్యం, దిగువరాజ్యం అని రెండు పెట్టారు. రెండింటి మధ్యా ఒక నది. ఎగువరాజ్యం తన చెరువులన్నీ నింపుకున్నాక మిగిలిన నీళ్లు దిగువరాజ్యానికి వదలాలి, అంతటితో తగవు తీరిపోవాలి. అందరూ ఒప్పుకోవాలని ముందే అనుకున్నాం. ఎవరూ అడ్డం చెప్పకపోతే సభ తొందరగా ముగుస్తుంది, ముఖ్య అతిథిగా వచ్చే రిటైరైన తహసీల్దారుగారికి మాట్లాడే సమయం చిక్కుతుంది, ఆపైన టీ, కారాబూందీ. నాకు రెండు నిమిషాల ఇంగ్లీషు ఉపన్యాసం రాసిచ్చారు. దాన్ని బస్సులో, పెరట్లో, ఆఖరికి చర్చిలో ప్రార్థన చేస్తున్నట్టు కళ్లు మూసుకుని కూడా బట్టీ పెట్టాను. సారు చూడని విషయం ఒకటుంది. మాది కాలువ ఊళ్ల ప్రాంతం. నీళ్లు నంద్యాల దాటుకుని మా వైపు రావాలి. వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది కాలువ చివర పొలాలున్నవాళ్లు.

ఆ రోజు నాయనా, అవ్వా ఇద్దరూ వచ్చారు. అవ్వ ఈస్టరుకు కట్టే పట్టంచు చీర కట్టుకుని, మధ్య దోవ పక్కన కుర్చీలో కూర్చుంది. స్టేజీ మీద మా ముందు అట్టముక్కల మీద దేశాల పేర్లు పెద్ద తెలుగు అక్షరాలతో రాసిపెట్టారు. అవ్వకు పెద్ద అక్షరాలైతే చదవడం వచ్చు, బైబిలు పుణ్యమా అని. అమెరికా లేచి ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అవ్వ ముందుకు వంగి వాడినే చూస్తోంది. ముక్కు చూసింది, ఎత్తు చూసింది, బూట్లు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా చిన్నత్తకు మొగుణ్ణి కుదిర్చినప్పుడు ఆమె చూసిన చూపది.

ఓటింగు వచ్చింది. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి అంటే అందరం ఎత్తాలి. కానీ సభ నడుపుతున్న సారు, పద్ధతి ప్రకారం ఉండాలని, ముందుగా "వ్యతిరేకించేవారు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. సరిగ్గా అప్పుడే అవ్వ కుర్చీలోంచి లేచింది. చీర కొంగు సర్దుకుంది. మధ్య దోవలో నేరుగా స్టేజీ వైపు, అమెరికా వైపు నడవడం మొదలుపెట్టింది. "ఎవరి పిల్లోడివప్పా?" అని ఆ మైకు ముందు అడగబోతోందని నాకు తెలిసిపోయింది. ఇంకేం ఆలోచించలేదు. అక్కడే ఆగమని చెయ్యి నిటారుగా పైకెత్తేశాను.

"చైనా!" అన్నారు సారు. ఆయన గొంతు కీచుమంది. "చైనా వీటో!"

ఆ వెంటనే వెనక వరసల్లోంచి, "అద్దీ! అట్ల చెప్పు పాపా!" అని ఎవరో పెద్దగా అరిచారు. చప్పట్లు మొదలయ్యాయి. "కాలవ కిందోళ్లం మేం చచ్చిపోవాల్నా ఏందీ?" అన్నారు ఇంకెవరో. ముందు వరసలోంచి నంద్యాల పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి, "కూచోండప్పా, ఇది నాటకం" అన్నాడు. "నాటకమైతే మాత్రం నీళ్లు మీకేనా?" అని జవాబొచ్చింది. అమెరికా నా వైపు వంగి, ఇంగ్లీషంతా వదిలేసి, "ఏందమ్మా ఇది, నిన్న ఒప్పుకున్నావు గదా!" అని గొణిగాడు. అవ్వ మధ్య దోవలో, నేను ఆగమన్న చోటే, ఆగి నిలబడి ఉంది.

సారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "చైనా తన కారణం చెప్పాలి" అన్నారు. బట్టీ పెట్టిన ఇంగ్లీషులో ఒక్క మాటా గుర్తుకు రాలేదు. లేచి నిలబడ్డాను. నోట్లోంచి ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది. "పైనోళ్ల చెరువులు నిండినంక మిగిలితే ఇస్తామంటే ఎట్ల సార్? పైనోళ్లకు ఎప్పుడైనా నిండినాయా? నిండితే ఇంకో చెరువు తవ్వుతారు. కిందోళ్లు మొగం పైకెత్తి ఎన్నాళ్లని చూస్తాంటారు? పంచేదుంటే ముందే పంచాల." అంతే, కూర్చుండిపోయాను. ఈసారి చప్పట్లు ఆపడానికి ప్రిన్సిపాలు లేవాల్సి వచ్చింది. తహసీల్దారుగారు తన ఉపన్యాసంలో, "దిగువరాజ్యం తరఫున ఒక ముసలమ్మ లేచి నిలబడింది చూడండి, అదీ ప్రజాభిప్రాయమంటే" అన్నారు. తనను అంటున్నారని తెలిసి అవ్వ ఆయనకు దండం పెట్టింది.

టీల దగ్గర అవ్వ ఎట్లాగో అమెరికాను పట్టుకోనే పట్టుకుంది.

"నీదే ఊరప్పా?"

"నంద్యాలే అవ్వా. బజారులో బట్టలకొట్టు మాది."

"మరి అమెరికా అని రాసినారే?"

"అది ఈ పూటకే అవ్వా."

అవ్వ పెదవి విరిచి నా దగ్గరికొచ్చి, "వొద్దులే పాపా, అబద్ధాలోళ్లు" అంది.

నేను అప్పటికప్పుడే సారుతో నిజం చెప్పేశాను. "నేను వీటో చెయ్యలేదు సార్, మా అవ్వను ఆగమన్నాను" అని. సారు సంతోషంతో నా తల మీద చెయ్యిపెట్టి, "రాయబారమంటే అదేనమ్మా, చేసినామని ఒప్పుకోకూడదు" అన్నారు. రష్యాతో చెప్పాను, నవ్వాడు. ప్రిన్సిపాలుతో చెప్పాను, వినయం గల పిల్ల అన్నారు. ఆళ్లగడ్డ రైతులతో చెప్పాను. "భయపడొద్దు పాపా, మేముండాం" అన్నారు. ఆ మరుసటి ఏడు మా గ్రూపులో బెంచీలు చాలలేదు. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమంది కాలువ చివరి ఊళ్ల పిల్లలు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం తిరుగు బస్సులో అవ్వ ఎక్కగానే నిద్రపోయింది. నాయన నా పక్కన కూర్చున్నాడు. బస్సు సిరివెళ్లలో ఆగింది. ట్రైనింగు సంగతి ఎత్తుతాడేమోనని నేను కిటికీలోంచి బయటికే చూస్తున్నాను. బస్సు మళ్లీ కదిలాక అడిగాడు.

"ఈ చదువుకు పైన ఇంగేమన్నా ఉందామ్మా?"

"ఎమ్మే ఉంది నాయనా. అనంతపురంలో."

"అనంతపురం దూరమే." చేతిలోని టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "హాస్టలుంటాదేమో కనుక్కో."

ఎమ్మే చదివాను. ఆ తర్వాత ఒక హైస్కూల్లో సోషల్ టీచరునై, పటాల మీద కర్ర పెట్టి దేశాలన్నీ చూపిస్తూ ఉద్యోగమంతా గడిపేశాను. ఏ దేశమూ పోలేదు, ఏ ఒప్పందమూ రాయలేదు. దానికి నాకేమీ బాధ లేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో, కిటికీ పక్కన, గాలికి జడ ఊడిపోయినా చూసుకోకుండా కూర్చున్న ఆ పిల్ల ఉందే, అది సిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా ఒకటే ఆలోచించింది: ఐక్యరాజ్యసమితి ఉండే న్యూయార్కులో చలెక్కువంట, చీర మీద స్వెటరు వేసుకుంటే బాగుంటుందా, బాగుండదా అని. ఊరొచ్చేసరికి, బాగానే ఉంటుందిలే అని తేల్చుకుంది కూడా. ఇన్నేళ్లయినా దాని మాట కాదనడానికి నాకు మనసు రాలేదు.