వేపమొద్దులో వెతికిన ఎండలు

కోయిలకుంట్ల దగ్గర మా పల్లెలో, నేను కర్నూలు కాలేజీలో చేరిన మరుసటేడు, మా చేనిగట్టు మీది వేపచెట్టు గాలికి కూలింది. యాభైల నాటి మాట. అప్పటికి మూడేళ్లుగా జొన్న చేతికి రాలేదు. ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి, సేద్యం ఎత్తేసి కర్నూలు పోదాం అని మా నాయన. ఎండలు ఎప్పుడూ ఇంతేనని నాయన తల్లి, మా జేజి. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

తేల్చడానికి నేనున్నానుగా! పాత ఎండల లెక్క మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. చెట్టు ఏడాదికో వలయం వేస్తుందనీ, బాగా పెరిగిన ఏడు అది వెడల్పుగా వస్తుందనీ కాలేజీలో విన్నాను. మొద్దును అడ్డంగా కోయించి, తడిపి, చీపురుపుల్లతో లెక్కపెడుతూ కూర్చున్నాను. వేపలో గీతలు సరిగ్గా కనబడి చావవు. ఒకసారి నలభై వచ్చాయి, ఇంకోసారి నలభై నాలుగు. అయినా ఎంత సరదాగా ఉండేదో! నేను పుట్టిన ఏడు ఇదేనని ఒక గీత మీద వేలు పెట్టి కాసేపు మురిసిపోయాను కూడా.

బెరడు పక్క ఆరేడు గీతలు మాత్రం అతుక్కుపోయినట్టు సన్నగా ఉన్నాయి. చెట్టు ఎదగనిది వాన లేకనా, ఎండ ఎక్కువయ్యా అని అనుమానం రాకపోలేదు. దాన్ని మింగేసి, "ఎండలు ముదిరినాయి నాయనా, చెట్టే చెప్తాండాది" అన్నాను. నాయన మొద్దును చేత్తో తడిమి చూసి, లేచి ఎద్దుల్ని తోలుకుని ఇంటికి పోయాడు.

వారం తర్వాత జేజి చేనికి వచ్చింది. గొప్పగా ఆ సన్నగీతలు చూపించాను.

"ఇవి యా ఏండ్లవిరా?"

"ఇప్పటివే జేజీ, ఆరేడేండ్లవి."

జేజి పడీపడీ నవ్వింది. "మేకల్ని తెచ్చిన ఈ ఆరేడేండ్ల నుంచీ ఎండాకాలమొస్తే దీని కొమ్మలన్నీ నరికి వాటికేస్తాండాం కదరా! ఆకే లేకుంటే చెట్టు యాడ పెరుగుతాది?"

సిగ్గు కంటే ముందు నాకు ఆశ్చర్యం వేసింది. ఎండల చరిత్ర అనుకుని నేను చదివింది మా మేకల మేత చరిత్ర! కొమ్మ నరకని చెట్టు ఈ చుట్టుపక్కల యాడైనా ఉంటుందా అని ఆలోచించుకుంటూ ఇంటికొచ్చి, నాయనకు అంతా చెప్పాను.

ఆయన కొట్టం ముందర కూర్చుని విన్నాడు. "అయితే ఎండలు ముదరలేదంటావా?"

"తెలీదు నాయనా. ఆ మొద్దుతో తేలదు."

కొట్టంలోకి చూశాను. రెండు గుంజలూ ఖాళీ. పొద్దున్నే ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి అమ్మేసి వచ్చాడట.

"తెలీదనే మాట ఆ పొద్దే చెప్పింటే సరిపోయేది కదప్పా" అన్నాడు.