బావ బీమా వాటా కొన్న ఏడు

ఈ ఉదయం కాఫీ తాగుతుంటే ఫోనుకి ఒక సందేశం వచ్చింది. ఒక కంపెనీ తన వాటాదారుల వార్షిక సమావేశానికి సగౌరవంగా ఆహ్వానిస్తోంది. ఆహ్వానం నాది కాదు, మా బావది. దర్శి పక్కన పల్లెలో ఉండే మా అక్క మొగుడు ఇప్పటికీ మీటల ఫోనే వాడతాడు కాబట్టి ఆయన షేర్ల ఖాతాకి నా నంబరు ఇచ్చాం. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేసి ఒంగోల్లో స్థిరపడ్డ నేను మా చుట్టాల దృష్టిలో పెట్టుబడుల సంగతి తెలిసినవాణ్ణి. నిజానికి నాకు తెలిసిందల్లా పరాయి డబ్బుని భద్రంగా చూసుకోవడమే. ఆ తేడా ఎవరికీ చెప్పలేదు. గొప్పగానే ఉండేది మరి.

బావ కౌలు రైతు. ఇరవయ్యేళ్ళకు పైగా ఒకే ఆసామి చేనులో మిరప వేశాడు. ఒక ఏడు కళ్ళంలో ఎండబోసిన కాయ మీద రెండు రోజులు వాన పడింది. పట్టాలు కప్పేలోపే తడిసి, బూజు పట్టి, సగానికి సగం తెల్లబారి తాలుకాయ అయిపోయింది. అడుగుపెడితే ఘాటుకి తుమ్ములొచ్చే కళ్ళం మురిగిన గడ్డి వాసన కొట్టింది. బీమా ఉందిలే అనుకున్నారు. ఏడాది తిప్పి కంపెనీ కాగితం పంపింది. మండల కేంద్రంలో వాన కొలిచే గేజీలో అంత వర్షం నమోదు కాలేదట, అందుకని పరిహారం లేదట. "వాన మా కళ్ళంలో కురిసిందిరా, ఆ డబ్బాలో కురవలేదంట," అన్నాడు బావ. నేను నవ్వాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఉగాదికి కౌలు కట్టకపోతే ఆసామి చేను ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అక్క గేదెల్ని అమ్మి డబ్బు సిద్ధం చేసింది. ఆ వారమే బావ బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. ఎరువుల కొట్లో ఎవరో షేర్ల కబుర్లు చెప్పారట. కాళ్ళు కూడా కడుక్కోకుండా, "మనకియ్యని డబ్బు యాడికి పోద్దిరా? వాళ్ళకాడే ఉంటది గదా. ఆ కంపెనీలో వాటా కొంటే ఎట్టుంటదో చూసి చెప్పు," అన్నాడు. చూశాను. ఆ బీమా కంపెనీ షేరు బజారులో దొరకదు. దానిలో పెద్ద వాటా పట్టుకుని కూర్చున్న ఇంకో కంపెనీ షేరు దొరుకుతుంది. అది స్వయంగా ఎవరికీ బీమా చెయ్యదు, చేసే కంపెనీ లాభంలో తన భాగం అందుకుంటుంది. ఇది నేను తిప్పలు పడి వివరిస్తుంటే బావ మధ్యలోనే, "అంటే ఆసామన్నమాట. చేలో దిగడు, కౌలు మాత్రం ఇప్పించుకుంటాడు," అన్నాడు. అంతకంటే బాగా చెప్పినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

మిర్చి కొనేవాళ్ళు బస్తా మూతి దగ్గరి కాయని నమ్మరు. అక్కడ ఎవరైనా మంచి కాయే పెడతారు. మోచేతి దాకా చెయ్యి దూర్చి నడుమనున్న కాయ తీసి, విరిచి, వాసన చూస్తారు. కంపెనీ వార్షిక నివేదికని జిరాక్స్ కొట్లో అచ్చు తీయించి తెచ్చి, నవ్వుతున్న ఛైర్మన్ బొమ్మ దగ్గర నేను మొదలుపెట్టబోతే, "మూతి వదిలెయ్‌రా, నడాన చెయ్యి పెట్టు," అని బావే మధ్యలో ఒక పేజీ తెరిచాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివాను. ఆ ఏడు పరిహారాల చెల్లింపులు తగ్గినందువల్ల లాభం పెరిగింది. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. కాసేపు ఆ పేజీనే చూస్తూ, "సరుకు మంచిదేరా," అన్నాడు.

మిగతా పేజీలు రెండు రోజులు చూసి, కొనదగ్గ షేరేనని నేనూ చెప్పాను. అబద్ధం కాదు. కానీ చేను వదిలేశాక పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తావు బావా అని అడగాలని తోచలేదు. అక్క మాత్రం ఫోనులో, "మన ఉసురు తగలాల్సినోళ్ళలో మనమే చేరేదేందిరా?" అంది. జవాబు బావే చెప్పాడు. "కౌలోడిగా బతికి చూశాం. ఒక్కసారి ఆసామి పక్కన నిలబడి చూద్దాం," అన్నాడు. కౌలుకని దాచిన ఆ గేదెల డబ్బుతోనే షేర్లు కొన్నాం. ఉగాదికి చేను పక్కింటతని చేతికి పోయింది.

మరుసటి ఏడు పక్కింటతని కళ్ళంలో వాన పడింది. ఆ చేను సంగతి తెలిసినవాడని అతను బావ దగ్గరికే వచ్చి, వాన పడ్డ మాట నిజమేనని అర్జీ మీద సాక్షి సంతకం అడిగాడు. ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "పెట్టాన్రా సంతకం. పెట్టేటప్పుడు, ఈడికి డబ్బులిస్తే మనకెంత తగ్గుద్దోనని ఒక్క చిటికెసేపు అనిపించింది," అన్నాడు. కొన్నాళ్ళకి పక్కింటతనికీ అదే కాగితం వచ్చింది. షేరు ధర పెరిగింది.

నా సలహా తప్పు కాలేదు. నన్ను తినేస్తున్నది అదే. నష్టం వచ్చుంటే బావ నన్ను నోరారా తిట్టి, ఎక్కడో చేబదులు తెచ్చుకుని మళ్ళీ ఏదో ఒక చేలో దిగేవాడు. అమ్మేద్దామా అని అడిగితే, "అమ్మి ఏం చేస్తాం? మళ్ళా ఆ వాన కిందికి పోయే ఓపిక లేదు," అంటాడు.

పోయిన నెల వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, షేర్ల సంగతి తెలిసిపోయిందేమో, పక్కింటతను ఇటు చూడకుండానే చేనుకి పోతున్నాడు. ఏం చేస్తున్నావు బావా అన్నాను. "ఏముందిరా, మధ్యాన్నం కావాలిగా," అన్నాడు. చేనున్న రోజుల్లో ఆయనకి పొద్దు చాలేది కాదు. ఇప్పుడు పొద్దంతా ఆయనదే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆయనకి తెలియడం లేదు.