ముగ్గుతో కట్టిన ఫ్లాటు

లెక్కల లెక్చరరు. చేతిలో కొత్త టేపు. పట్టపగలు. సలహాలివ్వడానికి చుట్టూ ఇరుగుపొరుగు. ఇన్ని అమరినా ఒక మనిషి ఎంత ఘోరంగా తప్పులో కాలేయగలడో తెలుసుకోవాలనుంటే కాస్త తీరిక చేసుకోండి. ఆ లెక్చరరును నేనే.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పుడు రేపల్లెలో అద్దెకుండేవాళ్ళం. అయిదు గదులు, ముందు వసారా, దాని ముందు రెండు లారీలు పక్కపక్కన నిలబడేంత వాకిలి. నా ఉద్యోగమేమో తెనాలిలో. రోజూ రైల్లో నిలబడి వెళ్ళి, నిలబడి వచ్చి, చివరికి తెనాలిలోనే రెండు పడకగదుల ఫ్లాటు కొన్నాను. కాగితం మీద చూసినప్పుడు విశాలంగానే ఉంది. వెళ్ళి చూస్తే మా వసారాకు తలుపులు బిగించినట్టుంది.

మా ఆవిడ సరోజ మగ్గం పని చేస్తుంది. అంటే, మంచమంత కర్ర చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, సూదితో పూసలూ జరీ కుట్టడం. ఆమెకు తోడు మరియమ్మ. రేపల్లె చుట్టుపక్కల చాలామంది పెళ్ళికూతుళ్ళు వీళ్ళిద్దరి చేతి పని తొడుక్కునే పీటల మీద కూర్చున్నారు.

"తెనాలి వస్తానండి," అంది సరోజ. "మరియమ్మక్క కూడా పొద్దున బండికొచ్చి సాయంత్రం బండికి వెళ్తానంది. కానీ మగ్గానికి చోటుండాలి. లేకపోతే నేనిక్కడే ఉంటాను. మీరు ఆదివారాలు వచ్చిపోండి."

కాఫీలో చక్కెర ఎంత వేయమంటారని అడిగినంత మామూలుగా అంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అరిచి చెప్పినవి కొన్ని జరగలేదు గానీ, మామూలుగా చెప్పినవి జరగకపోవడం నేనెరుగను.

"చోటుంది. రుజువు చేస్తాను," అన్నాను.

"చెప్పడం కాదండి, చూపించండి."

చూపించాను. ఫ్లాటుకు వెళ్ళి గదిగదీ కొలుచుకొచ్చి, ఆదివారం పొద్దున్నే వాకిలి ఊడ్పించి, కళ్ళాపి చల్లించి, ముగ్గుపిండితో ఆ ఫ్లాటును ఉన్నదున్నంత కొలతతో నేలమీద గీశాను. గీత అంటే గోడ. గీత లేనిచోట గుమ్మం. అలాంటి ముగ్గు రేపల్లెలో అంతకు ముందు ఎవరూ వేసి ఉండరు. వేసినవాడు మీసాలవాడు కావడంతో వీధి వీధంతా వచ్చేసింది.

ఎదురింటి రాఘవయ్య బాబాయి తిన్నగా లోపలికి నడిచొచ్చాడు.

"ఆగు బాబాయ్. నువ్వు గోడలోంచి వచ్చావు. ఇప్పుడు బాత్రూంలో ఉన్నావు."

"అలాగా. మరి ఎటు రావాలి?"

"గుమ్మం అటుంది."

పాపం, వెనక్కెళ్ళి, చెప్పులు విడిచి, గుమ్మంలోంచి వచ్చాడు. హాలు మధ్య నిలబడి నాలుగు పక్కలా చూశాడు. "ఇల్లు బాగుందిరా. గాలి బాగా ఆడుతోంది," అన్నాడు.

ఆ రోజు గోడ తొక్కిన ఒక్కరినీ నేను వదల్లేదు. ఒక కోడిని కూడా వంటింటి గోడ దాటిందని అదిలించాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత జరిగింది వింటే మీరు నమ్మరు.

మంచం, బీరువా, ఫ్రిజ్జు అన్నీ తెచ్చి గీతల మధ్య సర్దాం. ఆఖరున మగ్గం. దానికి వంటింటి పక్కనున్న చిన్నగది అనుకున్నాను. చట్రాన్ని నలుగురం పట్టి దించాం. గదిలో అచ్చంగా కుదిరింది. ఇటు గుప్పెడు, అటు గుప్పెడు ఖాళీ.

"కూర్చుని కుట్టి చూడండి," అన్నాను.

సరోజ ఇటు, మరియమ్మ అటు కింద కూర్చుని పది నిమిషాలు కుట్టారు.

"ఎలా ఉంది మరియమ్మా?"

"కాళ్ళు చాపుకోడానికి కూడా వీలుగా ఉంది సార్."

సరోజ సూది గుడ్డకు గుచ్చి లేచింది. "సరేనండి. లారీ మాట్లాడండి," అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు టేపు చేతిలోనే ఉంది కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

వారం తిరక్కుండా లారీ తెనాలి చేరింది. మగ్గాన్ని మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఎక్కించి, చిన్నగదిలో దించి, వాళ్ళిద్దరినీ పిలిచాను.

"చూశావా? ఇటు గుప్పెడు, అటు గుప్పెడు. అంగుళం తేడా లేదు."

సరోజ గుమ్మంలోనే నిలబడింది. "మరి నేనెక్కడ కూర్చోనండి?"

"ఆ రోజు కూర్చున్నట్టే."

"ఆ రోజు ఎక్కడ కూర్చున్నాను?"

"అదే, ఇలా లోపలికెళ్ళి..." అంటూ ఆగిపోయాను. గుప్పెడు ఖాళీలో కూర్చోవాలంటే మనిషి గుప్పెడే ఉండాలి.

మరియమ్మ వెళ్ళి గోడమీద అరచెయ్యి ఆనించింది. "నేను ఇటువైపు కూర్చున్నాను కదండి సార్. ఈ గోడ అవతల ఏముందండి?"

"పక్క ఫ్లాటు."

"అంటే నేను కుట్టింది..."

అవును. ఆ ఆదివారం మరియమ్మ కాళ్ళు చాపుకుని హాయిగా కుట్టింది పక్కవాళ్ళ పడకగదిలో. సరోజ కూర్చున్నది మా వంటింట్లో, సరిగ్గా పొయ్యి ఉండాల్సిన గట్టు మీద. కోడిని అదిలించినవాణ్ణి, ఇద్దరు ఆడవాళ్ళు రెండు గోడల అవతల పది నిమిషాలు కూర్చుంటే మురిసిపోతూ చూశాను.

గోడ పలచనిదేమో, కాస్త పగలగొడితే సరిపోతుందేమోనని వేలితో కొట్టి చూశాను. రెండుసార్లు కొట్టేసరికి పక్కావిడ వచ్చింది. పేరు గ్రేసమ్మ. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"ఏంటండి, గోడ కొడుతున్నారు?"

సరోజ ఏమీ దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. గ్రేసమ్మగారు శ్రద్ధగా విని మరియమ్మ వైపు తిరిగారు.

"అయితే నువ్వు ఇదివరకే మా ఇంటికొచ్చావన్నమాట. మంచం మీద కూర్చున్నావా, కిందా?"

"కిందేనండి."

"అయ్యో, పైన కూర్చోవాల్సిందమ్మా."

అందరం నవ్వాం, సరోజ తప్ప. బాపట్ల పెళ్ళికూతురి జాకెట్లు రెండు పన్నెండు రోజుల్లో అందించాలి. "లారీ ఇంకా కిందే ఉందిగా. మగ్గం మళ్ళీ ఎక్కించండి. నేనూ అక్కా రేపల్లె వెళ్ళిపోతాం," అంది, అదే మామూలు గొంతుతో.

వెళ్తూ వెళ్తూ పడకగది ముందు ఆగింది. అక్కడ కిటికీ పక్కన నా రాతబల్ల, కుర్చీ అప్పటికే సర్దేసి ఉన్నాయి.

"ఈ కుర్చీ వెనక ఎంత వదిలారు?"

"మూడడుగులు."

"ఎందుకు?"

"నేను కూర్చోవాలి, లేవాలి కదా."

మాట బయటికొచ్చాక గానీ నాకు వినపడలేదు. మరియమ్మ పైకప్పు వైపు చూసింది. నా కుర్చీకి మూడడుగులు కొలిచిన టేపు, ఆ ఇద్దరి దగ్గరికొచ్చేసరికి చట్రాన్ని కొలిచి ఊరుకుంది. అయిదు గదుల ఇంట్లో ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో నేను చూడాల్సిన పనే పడలేదు. నిజంగా సిగ్గేసింది.

"మరియమ్మా, ఈ బల్ల ఆ చివర కాస్త పట్టుకోమ్మా," అన్నాను.

బల్ల చిన్నగదిలోకి, మగ్గం పడకగదిలోకి కిటికీ పక్కకి మారాయి. బాపట్ల జాకెట్లు రోజు ముందే అందాయి. చిన్నగదిలో బల్ల చక్కగా కుదిరింది. కుర్చీకే చోటు లేదు. ఆరేళ్ళుగా నిలబడే పేపర్లు దిద్దుతున్నాను. అప్పట్నుంచీ నా చేతిలో మార్కులు రాలడం లేదని కాలేజీ పిల్లలు బాధపడుతున్నారట.

కాబట్టి చదువరులారా, ఇక ఈ జన్మలో ముగ్గుపిండి ముట్టుకోను. దేన్ని కొలవాల్సి వచ్చినా ముందు మనిషిని కూర్చోబెట్టి, ఆ తరవాతే టేపు తీస్తాను. ఈ మాట సరోజ మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.

"చెయ్యి తియ్యండి, జరీ నలుగుతుంది," అంటోంది. తీసేశాను.